ఆటలో అరటిపండు

మా పెదనాన్నగారి పశువులపాక వెనక గోడ మీద ఒక మచ్చ ఉండేది. ఎప్పుడో కొట్టిన సున్నం పెచ్చులూడి గోడంతా వెలిసిపోయినా, ఆ ఒక్క చోటు మాత్రం నల్లగా, నున్నగా, జిడ్డుగా మెరిసేది. దాగుడుమూతల్లో దొంగ అయినవాళ్ళు నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెట్టే చోటు అది. ఎంతమంది పిల్లల చెమటా తలనూనే అక్కడ ఇంకిందో! మా నాన్న కూడా చిన్నప్పుడు అక్కడే లెక్కపెట్టాడట.

నాకు నాలుగైదేళ్ళప్పుడు ఆ మచ్చ అందేది కాదు. అందాల్సిన అవసరమూ రాలేదు. నేను అరటిపండుని కదా.

తెలుగు పిల్లల్లో ఈ మాట తెలియనివాళ్ళు ఒకప్పుడు ఉండేవాళ్ళు కాదు. ఆటలో ఉంటాం, లెక్కలో ఉండం. పట్టుకున్నా దొంగ చెయ్యరు, బంతి తగిలినా అవుట్ ఇవ్వరు, గీత తొక్కినా ఎవరూ అరవరు. అందరూ పరిగెత్తితే మనమూ పరిగెత్తడం, అందరూ దాక్కుంటే మనమూ ఎవరి వెనకో నక్కడం. పంటలేసుకునేటప్పుడు నేనూ ఆ గుంపులోకి దూరి చెయ్యి పెట్టేదాన్ని. నా అరచెయ్యి పైకుందా బోర్లా ఉందా అని ఎవరూ చూసేవాళ్ళు కాదు. కానీ చెయ్యి మాత్రం పెట్టనిచ్చేవాళ్ళు. ఒక్క రోజు కూడా "నువ్వు తియ్యవే" అన్నవాళ్ళు లేరు.

పెళ్ళయ్యాక మావారి ఉద్యోగం వల్ల బెజవాడ రైల్వే క్వార్టర్స్‌లో చాలాకాలం ఉన్నాం. అక్కడ అన్ని భాషలవాళ్ళూ ఉండేవాళ్ళు. సాయంత్రం పూట మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నప్పుడు ఒకరోజు ఈ అరటిపండు సంగతి వచ్చింది. కన్నడం ఆవిడ వెంటనే అందుకుంది: "మా వైపు 'ఆటక్కుంటు లెక్కక్కిల్ల' అంటారండీ." ఆటకుంది, లెక్కకి లేదు అని. హిందీవాళ్ళు 'కచ్చా నింబూ' అన్నారు, పచ్చి నిమ్మకాయ. మరాఠీవాళ్ళకి 'లింబూ టింబూ'. బెంగాలీ ఆవిడ 'దూధ్ భాత్' అంది, పాలూ అన్నమూ. తమిళంలో 'ఒప్పుక్కు చప్పాణి' అట. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇన్ని భాషల పిల్లలు, ఒకరినొకరు ఎరగనివాళ్ళు, ఏ పెద్దవాళ్ళూ చెప్పకుండా, ఏ బళ్ళోనూ నేర్పకుండా, ఒకే ఏర్పాటు చేసుకున్నారు. మనకన్నా చిన్నవాణ్ణి ఆటలోంచి గెంటెయ్యకుండా, అలాగని ఆట చెడిపోకుండా ఎలా కలుపుకోవాలో కనిపెట్టారు. మన పండుకి మా నాయనమ్మ చెప్పిన అర్థం నాకు ఇప్పటికీ ఇష్టం: "పళ్ళు రానివాళ్ళకి ముందు పెట్టేది ఆ పండే కదే!"

నేను అరటిపండుగా ఉన్న ఆ రెండేళ్ళలో చేసిన పని ఒక్కటే, చూడటం. ఏడుపెంకులాటలో పెంకులు పేర్చేటప్పుడు పెద్దది అడుగున ఎలా పెడతారు, బంతి విసిరేవాడు ముందు ఎటు చూసి తర్వాత ఎటు విసురుతాడు, ఎవరు తొండి చేస్తారు, తొండి అని తెలిసినా ఎప్పుడు ఊరుకుంటారు, ఇవన్నీ. చాలా ఏళ్ళ తర్వాత టీచర్ ట్రైనింగ్‌లో చదివాను, మిల్‌డ్రెడ్ పార్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు పసిపిల్లల ఆటని గమనించి 1932లో రాసిన సంగతి. ఒంటరిగా ఆడుకోవడం, పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడుకోవడం, అందరూ కలిసి ఆడటం, ఇలా చెబుతూ మధ్యలో 'పక్కన నిలబడి చూడటం' కూడా ఒక అంచెగా లెక్కవేసింది ఆవిడ. ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. మా వీధిలో ఆ అంచెకి ఒక పేరుంది, దాన్ని పుస్తకాల్లో ఎవరూ రాయలేదు అనుకున్నాను.

ఆరేళ్ళు వచ్చాక ఒక సాయంత్రం ఏడుపెంకులాటలో బంతి వచ్చి నా వీపు మీద చెళ్ళున తగిలింది. రబ్బరు బంతి కూడా కాదు, పాత గుడ్డలు చుట్టి పైన సైకిలు ట్యూబు ముక్కలు రింగులుగా కోసి ఎక్కించిన బంతి. మంటెత్తిపోయింది. "అరటిపండులే" అని ఆట సాగిపోతోంది. నేను వీధి మధ్యలో కూర్చుని ఏడుపు లంకించుకున్నాను. మా పెదనాన్నగారి పెద్దమ్మాయి, మా గుంపుకి నాయకురాలు, పరిగెత్తుకొచ్చింది.

"ఏమే, బాగా తగిలిందా?"

"తగిలింది! అవుటివ్వండి!"

అక్క నా ముఖంలోకి చూసింది. తర్వాత మిగతావాళ్ళ వైపు చూసింది. "ఒరేయ్, రేపట్నుంచి దీనిది లెక్కే" అంది. మర్నాడు మొదటి బంతికే నన్ను అవుట్ చేశారు. వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. ఆ రోజు అరుగు మీద కూర్చున్నంత దర్జాగా నేను నా జీవితంలో ఇంకెక్కడా కూర్చోలేదు.

మా వీధిలో ఆటలకి కాలాలుండేవి. ఎవరు నిర్ణయించేవాళ్ళో తెలియదు. ఒక పొద్దున లేచేసరికి అందరి జేబుల్లోనూ గోళీలుండేవి. మరో పొద్దున అవి మాయమై బొంగరాలు వచ్చేవి. కోతలయ్యాక పొలాలు ఖాళీ అయితే బిళ్ళంగోడు. తెలంగాణ వైపు దాన్నే చిర్రగోనె అంటారని మా బళ్ళో పనిచేసిన ఒక టీచరుగారు చెబితే తెలిసింది. ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం ఆడపిల్లలవి. వసారాలో కూర్చుని అచ్చంగాయలు. ఒక గచ్చకాయ పైకెగరేసి అది కిందికి వచ్చేలోపు నేల మీద ఉన్నవాటిని ఒక్కొక్కటిగా, తర్వాత రెండేసిగా, మూడూ ఒకటిగా, చివరికి నాలుగూ ఒక్కసారిగా ఊడ్చి, పైదాన్ని పట్టుకోవాలి. కన్ను పైన, చెయ్యి కింద. గచ్చకాయని గచ్చు మీద రుద్దీ రుద్దీ పక్కదాని చేతికి అంటిస్తే చురుక్కుమనేది. ఆ చురుకు నాకు ఇప్పుడు రాస్తుంటే కూడా మోచేతి దగ్గర తెలుస్తోంది.

గోళీలాటలో మాత్రం ఆడినదానికన్నా వాదించుకున్నదే ఎక్కువ. జానెడు కొలిచేది ఎవరి జానతో? గోళీ గుంత అంచు మీద ఆగితే పడినట్టా, కాదా? ఎడమచేతి మధ్యవేలిని విల్లులా వెనక్కి వంచి కొట్టేటప్పుడు బొటనవేలు నేల మీదే ఉందా, లేచిందా? "తొండి!" "మా అమ్మ తోడు, కాదు!" సగం సాయంత్రం అందులోనే పోయేది. వేసవిలో ఒంగోలు నుంచి ఒక పిల్లవాడు చుట్టపుచూపుగా వచ్చి, "మా ఊళ్ళో ఇలా ఆడరు, మూడో గుంత తర్వాత వెనక్కి రావాలి" అన్నాడు. రెండు రోజులు ఆట ఆగిపోయింది. మూడో రోజు మావాళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు: పొద్దున ఆడితే మా పద్ధతి, సాయంత్రం ఆడితే ఒంగోలు పద్ధతి. అతను వెళ్ళిపోయాక కూడా సాయంత్రం ఒంగోలు పద్ధతే ఉండిపోయింది.

పిల్లల మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే గోళీలాట మీద పరిశోధన చేశాడని ట్రైనింగ్‌లో లెక్చరర్‌గారు చెప్పినప్పుడు నేను వెనక బెంచీలోంచి లేచి మళ్ళీ చెప్పించుకున్నాను. పార్టెన్ రాసిన 1932లోనే ఆయన పుస్తకం కూడా వచ్చింది. స్విట్జర్లాండులో గోళీలాడే పిల్లల పక్కన కూర్చుని, వాళ్ళతో ఆడుతూ, "ఈ ఆటకి రూల్స్ ఎవరు పెట్టారు? మార్చొచ్చా?" అని అడిగాడాయన. చిన్నవాళ్ళు మార్చకూడదన్నారు. నాన్నలు పెట్టారనీ, దేవుడు పెట్టాడనీ చెప్పారు. కాస్త పెద్దవాళ్ళు, అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చన్నారు. ఒక పిల్లవాడు మొదటి మాట దగ్గర్నుంచి రెండో మాట దగ్గరికి రావడమంటే ఎంత దూరం నడిచినట్టో! ఊరి పంచాయితీకైనా, దేశానికైనా కావాల్సింది ఆ రెండో మాటే. మాకది ఒంగోలు పిల్లవాడు వచ్చిన మూడో రోజున వచ్చింది. అక్కడ పెద్దవాళ్ళెవరూ లేరు. నాకు బాగా గుర్తు, ఎప్పుడైనా ఒక పెద్దాయన తీర్పు చెప్పడానికి వస్తే ఆట అక్కడితో చచ్చిపోయేది. తీర్పు సరైనదే అయినా సరే.

రాత్రిపూట ఆటలు నాయనమ్మవి. చేప ఆకారంలో మడిచే చెక్క ఉండేది ఆవిడ దగ్గర, వామనగుంటలది. అటు ఏడు, ఇటు ఏడు, మొత్తం 14 గుంటలు. ఒక్కో దాంట్లో ఐదేసి చింతపిక్కలు, వెరసి 70. ఒక గుంటలోవి తీసి ఒక్కొక్కటే పంచుకుంటూ పోవడం, ఖాళీ గుంట వస్తే దాన్ని వేలితో తుడిచి దాని పక్క గుంటలోవి మన పక్కన వేసుకోవడం. నాయనమ్మకి అక్షరం రాదు. సంతకం పెట్టాల్సి వస్తే వేలిముద్రే. కానీ గుంటలోకి ఒకసారి చూస్తే ఎన్ని పిక్కలున్నాయో, అవి పంచితే చివరిది ఎక్కడ పడుతుందో, అక్కడి నుంచి ఎన్ని వస్తాయో చెప్పేసేది. నేను వేళ్ళు మడుస్తుంటే చేతి మీద సుతారంగా కొట్టేది. "వేళ్ళతో కాదమ్మాయ్, కళ్ళతో ఎంచు." తీసివేతలు నేను బళ్ళో నేర్చుకున్నానని రికార్డులో ఉంటుంది. నిజానికి లాంతరు వెలుతురులో, ఆవిడ పిక్కలు అన్నీ గెలుచుకుపోతుంటే, నా వైపు ఇంక ఎన్ని మిగిలాయో అని గుండె దడదడలాడుతుంటే నేర్చుకున్నాను.

ఇప్పుడు రాయబోయేది రాయాలా వద్దా అని చాలాసార్లు అనుకున్నాను. మా ఊరు రేపల్లె వైపు. 1977 నవంబరు 19, శనివారం. నాకు తొమ్మిదేళ్ళు. ఆ రోజు సాయంత్రం కృష్ణ అవతలి ఒడ్డున దివిసీమ మీదికి సముద్రం వచ్చేసింది. సర్కారు లెక్క చూసినా పదివేల మంది దాకా పోయారు. మాకు నీళ్ళు రాలేదు. గాలి వచ్చింది. రాత్రంతా ఇంటి మధ్యగదిలో అందరం ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నాం. తెల్లారి తలుపు తీస్తే వీధి కనబడలేదు. వీధి నిండా కొబ్బరిమట్టలు, పెంకులు, తాటాకు. మేం కోతికొమ్మచ్చి ఆడుకునే వేపచెట్టు వేళ్ళతో సహా పడి ఉంది. పశువులపాక కప్పు ఎగిరిపోయింది. గోడ మాత్రం నిలబడింది, మచ్చతో సహా.

బడి మూతపడింది. ఇళ్ళు పోయినవాళ్ళని అందులో ఉంచారు. పెద్దవాళ్ళందరూ ఏదో ఒక పనిలో, లేకపోతే ఏడుపులో. మేం పడిపోయిన వేపచెట్టు కొమ్మల్లో చేరాం. నాలుగో రోజో ఐదో రోజో, ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఒక కొత్త ఆట పుట్టింది. ఒకడు గాలి. రెండు చేతులూ చాచి "హో" అని అరుస్తూ గిరగిరా తిరుగుతూ వస్తాడు. మిగిలినవాళ్ళం అరుగు స్తంభాలు పట్టుకుని ఉండాలి. పట్టు వదిలితే కొట్టుకుపోయినట్టే. కొట్టుకుపోయినవాళ్ళు వేపకొమ్మల్లో పడుకోవాలి. తర్వాత హెలికాప్టర్ వస్తుంది, అంటే మా అన్నయ్య. పులిహోర పొట్లాలని చెప్పి బాదంచెట్టు ఆకుల్లో మట్టి కట్టి పైనుంచి వేస్తాడు. పొట్లం అందినవాళ్ళు లేచి కూర్చోవచ్చు.

మా నాన్న చూశాడు. ఆయన ముఖం ఎర్రబడిపోయింది. "శవాలు ఇంకా తేలుతుంటే ఇదేం ఆట రా!" అని బెత్తం తీసుకుని వచ్చాడు. నాయనమ్మ అడ్డం వచ్చింది. "ఆడుకోనీరా. ఎవరి భయం వాళ్ళు దులుపుకోవాలి. నువ్వు రాత్రుళ్ళు లేచి తలుపు గడియ చూసుకుంటున్నావు కదా, వాళ్ళు ఇలా చూసుకుంటున్నారు" అంది. నాన్న ఏమీ అనలేదు. బెత్తం చూరులో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ చూరు కూడా సగమే ఉంది అప్పటికి.

తర్వాత కొన్నాళ్ళకి పక్కింటి అత్తయ్యగారింటికి ఒక పిల్లవాడు వచ్చాడు. ఆవిడ తమ్ముడి కొడుకు. నాగాయలంక అవతల వాళ్ళ పల్లె. వాళ్ళ నాన్న పెనుమూడి రేవు దాటించి తీసుకొచ్చి, అక్కగారి ఒళ్ళో పెట్టి, ఆ పూటే వెళ్ళిపోయాడు. అమ్మా చెల్లీ లేరు. వాడికి ఐదేళ్ళు. మాట్లాడడు. ఆకలేసినా అడగడు, దెబ్బ తగిలినా ఏడవడు. అత్తయ్య వాణ్ణి మా అరుగు దగ్గర వదిలి పని చూసుకునేది. మొదటి రోజు సాయంత్రం మేం పంటలేసుకుంటుంటే వాడు స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. అక్క వెళ్ళి వాడి చెయ్యి పట్టుకొచ్చి మా చేతుల మధ్య పెట్టింది. "వీడు అరటిపండు" అంది. అంతే. జాలి పడమనిగానీ, జాగ్రత్తగా చూసుకోమనిగానీ ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిందంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

వాడు దాగుడుమూతల్లో నా వెంట వచ్చి దాక్కునేవాడు. నా పరికిణీ అంచు గట్టిగా పిడికిట్లో పట్టుకుని, ఊపిరి బిగబట్టి. ఏడుపెంకుల్లో పరిగెత్తేవాడు. గాలి ఆట మాత్రం మొదలైతే దూరంగా వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడేవాడు. మేం పట్టించుకోకుండా ఆడుకునేవాళ్ళం. ఒకరోజు గాలి అయినవాడు "హో" అంటూ వస్తుంటే ఈ బుడ్డోడు ఒక్కసారిగా పరిగెత్తుకొచ్చి వాడికి ఎదురుగా నిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ముఖంలో ఎంత కోపమో. గాలి వాణ్ణి తోసుకుని పోబోయింది. వాడు కదల్లేదు, గాలి పొట్టలో తలతో గట్టిగా ఒక్కటి పొడిచాడు. గాలి కిందపడింది. మేమంతా చూస్తూ నిలబడిపోయాం. అప్పుడు అన్నయ్య కొమ్మ మీద నుంచి అన్నాడు: "రూలు మారింది. వీడు చేతులు చాస్తే గాలి ఆగిపోవాలి." ఎవరూ కాదనలేదు. ఆ రోజు నుంచి ఆ రూలే. ప్రతిసారీ గాలి వచ్చేది, వాడు వెళ్ళి చేతులు చాచేవాడు, గాలి ఆగిపోయేది. పది రోజులు ఆడామో, పదిహేను రోజులు ఆడామో. ఆ తర్వాత ఒక సాయంత్రం ఎవరికీ ఆ ఆట గుర్తు రాలేదు. మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు.

సంక్రాంతి వెళ్ళాక అనుకుంటా, ఒకనాడు దాగుడుమూతలకి పంటలేస్తే నేను దొంగనయ్యాను. గోడ దగ్గరికి వెళ్ళబోతుంటే వాడు నా పరికిణీ పట్టుకుని వెనక్కి లాగాడు. నన్ను దాటి వెళ్ళి గోడకి నుదురు ఆనించాడు. మచ్చ వాడికి అందలేదు, దానికి జానెడు కింద. కళ్ళు రెండు చేతులతో మూసుకున్నాడు. మాకేం చెయ్యాలో తెలియలేదు. దొంగ అయినవాడు లెక్కపెట్టాలి. వీడు మాట్లాడడు. అక్క నోటి మీద వేలు పెట్టుకుని అందరినీ దాక్కోమని సైగ చేసింది. నేను పెదనాన్నగారి గాదె వెనక దూరాను. బయట ఏ చప్పుడూ లేదు. అలా ఎంతసేపు ఉన్నామో. ఒక కాకి, దూరంగా ఎడ్లబండి. నాయనమ్మ వసారాలో చేటతో బియ్యం చెరుగుతోంది, ఆ చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఒకటి."

బొంగురుగా, ముక్కుతో అన్నట్టు వచ్చింది. మళ్ళీ నిశ్శబ్దం. "రెండు." తర్వాత ఆగలేదు. మూడు, నాలుగు, ఐదు. పదిహేను దాకా వచ్చాడు. ఆపైన రావేమో, మళ్ళీ ఒకటి దగ్గర మొదలుపెట్టాడు. మళ్ళీ పదిహేను. మళ్ళీ ఒకటి. మా ఆటలో యాభై దాకా లెక్కపెట్టాలి. వాడు అలా నాలుగైదుసార్లు తిరిగాడు. ఎవరూ దాక్కున్న చోట్లోంచి "తొండి" అని అరవలేదు.

ట్రైనింగ్‌లో వైగాట్‌స్కీ గురించి చదివిన రోజు ఈ గోడే గుర్తొచ్చింది. ముప్ఫై ఏడేళ్ళకే 1934లో క్షయతో పోయిన రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త. పోవడానికి ముందు ఏడాది లెనిన్‌గ్రాడ్‌లో ఆట మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. పిల్లవాడు కర్రని గుర్రం చేసుకున్నప్పుడు కంటికి కనబడే వస్తువు నుంచి దాని అర్థాన్ని విడదీయడం నేర్చుకుంటున్నాడనీ, ఆటలో పిల్లవాడు తన మామూలు ఎత్తుకన్నా ఒక తలకాయంత ఎత్తు ఉంటాడనీ అన్నాడు. బడిలో, ఇంట్లో, ఆస్పత్రిలో మాట్లాడని పిల్లవాడు ఆ గోడ దగ్గర మాట్లాడాడంటే నాకు వేరే వివరణ అక్కర్లేదు. దొంగ మాట్లాడతాడు. దొంగ అయ్యాడు కాబట్టి మాట్లాడాడు. అయితే వైగాట్‌స్కీ మాటకి నాదొక మాట కలుపుతాను. ఆ తలకాయంత ఎత్తు ఒక్కడి వల్ల రాదు. చుట్టూ వాడికన్నా పెద్దవాళ్ళూ చిన్నవాళ్ళూ ఉండాలి. ఎదురుచూడటం తెలిసినవాళ్ళుండాలి.

నా ఆట పదమూడో ఏట ఆగిపోయింది. పెద్దమనిషినయ్యాక అమ్మ "ఇంక వీధిలో గెంతులు చాలు" అంది. మా అన్నయ్యకి ఆ మాట ఎవరూ చెప్పలేదు. వాడు డిగ్రీ చదివేటప్పుడు కూడా సెలవులకొస్తే బిళ్ళంగోడు ఆడేవాడు. కిటికీలోంచి ఆ దెబ్బ చప్పుడు వినిపిస్తుంటే నా కాళ్ళు వాటంతటవే కదిలేవి. ఇన్నేళ్ళయినా ఆ బాధ తగ్గలేదు. అందుకే నా బళ్ళో ఏడో తరగతి ఆడపిల్ల బెల్లు కొట్టాక కూడా ఆడుతుంటే నేను పిలవను.

టీచరుగా చేరి మూడున్నర దశాబ్దాలు దాటింది. మధ్యాహ్న భోజనంలో కోడిగుడ్డు పెట్టడం మొదలయ్యాక బడిలో అట్ట ట్రేలు పేరుకుపోయేవి. అవి కత్తిరించి వామనగుంటలు చేశాను. గుడ్ల ట్రేలో ఒక వరసకి ఆరే గుంటలు. ఏడు రావు. పిల్లలే తేల్చారు: "ఆరుతో ఆడదాం టీచర్, అరవై పిక్కలు చాలు." ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి బల్లల నిండా చింతపిక్కలు చూసి, సిలబస్ ఎందుకు జరగడం లేదని రాసి వెళ్ళారు. వివరణ ఇచ్చుకున్నాను. నేను రాసిన కాగితంలో పిల్లల హక్కుల ఒప్పందం 31వ అధికరణం కూడా పెట్టాను. 1989లో ఐక్యరాజ్యసమితి చేసింది, మన దేశం 1992లో ఒప్పుకుంది. ఆడుకోవడం హక్కు అని అందులో స్పష్టంగా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంటుంది. ఇవన్నీ రాశానుగానీ, అసలు రాయాలనుకున్నది వేరే. నోట్‌బుక్‌లో తీసివేత చెయ్యలేని ఒక పిల్ల, ఆ ట్రే ముందు కూర్చుని, ఎదుటివాడి పిక్కలు ఎన్ని మిగులుతాయో మూడు ఎత్తులు ముందే చెప్పేది. అధికారిగారు ఇంకో పది నిమిషాలు ఉంటే చూసేవారు.

మా అమ్మాయి హైదరాబాదులో ఉంటుంది. మనవడికి ఏడేళ్ళు. క్రికెట్ కోచింగ్‌కి పంపుతున్నారు. మంచి గ్రౌండు, మంచి కోచ్, వేసిన ప్రతి బంతికీ సలహా. అందరూ ఒకే వయసువాళ్ళు. వాడికన్నా ఏడాది పెద్దవాళ్ళు పక్క నెట్‌లో. ఫోన్ల వల్ల పిల్లలు ఆడటం లేదంటారుగానీ, నా మనసుకి తట్టేది అది కాదు. ఆడుతున్న పిల్లలు కూడా ఒకే ఎత్తువాళ్ళతో ఆడుతున్నారు. అక్కడ అరటిపండుకి చోటు లేదు. ఎవరికీ ఎవరినీ ఆగి చూడాల్సిన పని లేదు. పోయిన వేసవిలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్ల మధ్య నలుగురు ఆడుకుంటుంటే, ఒకడి చెల్లెలు, మూడేళ్ళుంటాయి, "నేనూ" అని వచ్చింది. "నువ్వు చిన్నపిల్లవి, వెళ్ళు" అన్నారు. నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. నా మనవణ్ణి పిలిచి చెవిలో ఒక్క మాట చెప్పాను. వాడు నవ్వాడు. "అరటిపండా?" అని రెండుసార్లు అడిగి వెళ్ళాడు. ఆ సాయంత్రం ఆ పాప ఎర్ర చెప్పులతో టపటపమంటూ అందరి వెనకా పరిగెత్తుతూనే ఉంది.

ఈ సంక్రాంతికి మా బుడ్డోడు ఫోన్ చేశాడు. మచిలీపట్నంలో ఉంటాడు, యాభై దాటాడు, వాడి కూతురికి పెళ్ళి కుదిరింది. మాటల్లో పడి, ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగనిది అడిగాను. "ఒరేయ్, నువ్వు మా వీధికి వచ్చిన కొత్తలో నెలల తరబడి మాట్లాడలేదు, గుర్తుందా?"

"లేదక్కా. అందరూ చెబుతారు. నాకేం గుర్తు లేదు." కాసేపు ఆగాడు. "గోడ గుర్తుంది. చెమట వాసన వచ్చేది. లెక్కపెట్టి వెనక్కి తిరిగితే ఒక్కళ్ళూ లేరు. భయమేసింది. మళ్ళీ అందరూ పోయారేమో అనుకున్నా. అప్పుడు గాదె పక్కన నీ పరికిణీ అంచు కనబడింది, పచ్చ రంగుది. కావాలనే బయట పెట్టావు కదా?"

"కాదురా," అన్నాను. "నిజంగానే దొరికిపోయాను."